"ఉత్ప్రేరక" అని దేన్ని అనొచ్చు, దేన్ని అనకూడదు?

కాపీడెస్క్:
సైన్స్ వ్యాసాల సంకలనం ఒకటి ఎడిట్ చేస్తున్నాను. అందులో "ఉత్ప్రేరక" అనే విశేషణం ఒక్కో రచయిత ఒక్కోలా వాడారు. ఒకరికి ఉత్ప్రేరక చర్య అంటే వేగంగా జరిగే చర్య. ఇంకొకరు "ఉత్ప్రేరక పదార్థం చర్యలో పాల్గొనదు, పక్కనుండి వేగం పెంచుతుంది" అని రాశారు. మూడో వ్యాసం ఆర్థిక విషయాల మీద, అందులో ఒక చట్టం "ఉత్ప్రేరక పాత్ర" పోషించిందని ఉంది. వీటిలో ఏది ఉంచాలి, ఏది దిద్దాలి? నిఘంటువు అర్థం నా దగ్గర ఉంది కానీ దానితో పని జరగడం లేదు. ఈ మాటతో రోజూ పనిబడేవాళ్లు చెప్తే బాగుంటుంది.

టెన్త్_టీచర్:
ముందు ఆ రెండోది దిద్దండి. "పాల్గొనదు" అన్నది చాలా గైడుల్లో ఉంది, పిల్లలు అదే బట్టీపట్టి వస్తారు. కానీ అది తప్పు. ఉత్ప్రేరకం చర్యలో పాల్గొంటుంది, చివరికి మళ్లీ బయటికి వస్తుంది. మొదట్లో ఎంత వేశామో ఆఖర్న అంతే మిగిలి ఉంటుంది కాబట్టి అసలు కదల్లేదనిపిస్తుంది.

క్లాసులో నేను చెప్పే ఉదాహరణ పాతదే. పొటాషియం క్లోరేట్‌ను మాంగనీస్ డయాక్సైడ్‌తో కలిపి వేడిచేస్తే ఆక్సిజన్ వస్తుంది. తర్వాత నీళ్లలో కడిగి, వడగట్టి, ఆరబెట్టి తూచితే మాంగనీస్ డయాక్సైడ్ బరువు మారదు. అయితే స్ఫటికాలుగా వేసినది మెత్తని పొడిగా మారి ఉంటుంది. ఏ పనీ చేయకుండా పక్కన కూర్చున్నదైతే దాని రూపం ఎందుకు మారుతుంది?

లిట్మస్:
టీచర్ గారూ, మరి "ఉత్ప్రేరకం చర్యా వేగాన్ని మారుస్తుంది" అన్నది సరేనా? మొదటి రచయిత రాసింది దాదాపు అదే కదా.

టెన్త్_టీచర్:
అది సరే. కానీ ఆ రచయిత వేగంగా జరిగే ప్రతి చర్యనీ ఉత్ప్రేరక చర్య అనేశారు. వేడి పెంచినా వేగం పెరుగుతుంది, గాఢత పెంచినా, ముద్దను పొడి చేసినా పెరుగుతుంది. అవేవీ ఉత్ప్రేరణ కాదు. ఒక పదార్థం చర్యకు ఇంకో దారి చూపించాలి, ఆ దారిలో ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి కావాల్సిన కనీస శక్తి) తక్కువగా ఉండాలి, దారి చివర ఆ పదార్థం మళ్లీ చేతికి రావాలి. ఈ మూడూ ఉంటేనే ఆ విశేషణం. చర్య చూడ్డానికి వేగంగా ఉండాలని కూడా లేదు. ఉత్ప్రేరకం ఉన్నా గంటలు పట్టే చర్యలు ఎన్నో ఉన్నాయి.

రియాక్టర్_బే:
మందుల తయారీలో ప్రాసెస్ కెమిస్ట్‌ని. మా దగ్గర "కేటలిటిక్" (అంటే ఉత్ప్రేరక) అన్న మాట రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో చెప్పలేను. మేం ఎక్కువగా అనేది "కేటలిటిక్ క్వాంటిటీ వెయ్యి" అని. అంటే చర్యలో పాల్గొనే అసలు పదార్థంతో పోలిస్తే చాలా తక్కువ మోల్స్ (మోల్ అంటే అణువుల లెక్కకు కొలత). ఒక మోల్ శాతం, అయిదు మోల్ శాతం, అలా.

పాల్గొనడం, తిరిగిరావడం కళ్లారా చూడాలంటే ఒక చర్య చెప్తాను. కార్బాక్సిలిక్ ఆమ్లాన్ని డైక్లోరోమీథేన్‌లో వేసి, ఆక్జలైల్ క్లోరైడ్ కలుపుతాం. చాలాసార్లు ఏమీ జరగనట్టే ఉంటుంది, ఫ్లాస్కు నిశ్శబ్దంగా కూర్చుంటుంది. అందులో రెండు చుక్కలు డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావణి) వేయండి. వెంటనే బుడగలు మొదలవుతాయి. వచ్చేది కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్, అందుకే ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను లాగేసే గూడు) బయట ఈ పని చేయకూడదు. లోపల ఏం జరుగుతుందంటే, డీఎంఎఫ్ ముందు ఆక్జలైల్ క్లోరైడ్‌తో కలిసి వేరే అయాన్‌గా మారిపోతుంది. ఆ సమయంలో ఫ్లాస్కులో అది డీఎంఎఫ్ కాదు, కొత్త పదార్థం. ఆ కొత్తది ఆమ్లం మీద పడి దాన్ని యాసిడ్ క్లోరైడ్‌గా మార్చి, తాను మళ్లీ డీఎంఎఫ్ అవుతుంది. అయిన మరుక్షణం ఇంకో ఆక్జలైల్ క్లోరైడ్ అణువు దగ్గరికి పోతుంది. రెండు చుక్కలు ఫ్లాస్కు మొత్తానికి సరిపోవడానికి కారణం ఈ తిరుగుడే.

కాపీడెస్క్ గారూ, నన్నడిగితే ఆ విశేషణంలో అసలు సంగతి వేగం కాదు, చక్రం. ఒక్కో ఉత్ప్రేరక అణువు ఎన్నిసార్లు ఆ చక్రం తిరిగిందన్నదే మేం లెక్కగట్టేది. దాన్ని టర్నోవర్ సంఖ్య అంటాం.

గ్లాస్‌ఫైబర్:
ఇది చదివాక నాకొక డౌటు. మేం ఫైబర్‌గ్లాస్ పని చేస్తాం. పాలిస్టర్ రెజిన్ డబ్బాతో పాటు రెండు సీసాలు వస్తాయి. ఒకదాని మీద "యాక్సిలరేటర్", ఇంకోదాని మీద "కేటలిస్ట్". కేటలిస్ట్ ఒకటి రెండు శాతం కలిపితే గట్టిపడుతుంది. కానీ అది మళ్లీ మాకు తిరిగి రాదు కదా. గట్టిపడ్డ రెజిన్‌లో ఎక్కడుంటుంది? రియాక్టర్_బే అన్న చెప్పినదాని ప్రకారం ఆ సీసా మీద పేరు తప్పా?

రియాక్టర్_బే:
మంచి ప్రశ్న అడిగారు. మీ సీసాలో ఉన్నది మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్ అయి ఉంటుంది, ఎంఈకేపీ. అది ముక్కలై ఫ్రీ రాడికల్స్‌గా, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన ముక్కలుగా, మారుతుంది. ఆ రాడికల్స్ రెజిన్ గొలుసులను కలపడం మొదలుపెడతాయి, వాటిలోనే అతుక్కుపోతాయి. తిరిగి పెరాక్సైడ్ అయ్యే ప్రసక్తే లేదు, ఖర్చయిపోతుంది. కెమిస్ట్రీ ప్రకారం దాన్ని ఇనీషియేటర్ (చర్యను మొదలుపెట్టేది) అనాలి. వర్క్‌షాపుల్లో కేటలిస్ట్ అనడం పాత అలవాటు, కొద్దిగా వేస్తే చాలు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది.

ఇంకో సంగతి వినండి. మీ "యాక్సిలరేటర్" సీసాలో ఊదారంగు ద్రవం ఉంటుంది కదా? అది కోబాల్ట్ లవణం. కోబాల్ట్ రెండు ఆక్సీకరణ స్థితుల మధ్య (ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటూ, తిరిగి పొందుతూ) అటూఇటూ మారుతూ ఒక్కోసారి ఒక్కో పెరాక్సైడ్ అణువును పగలగొడుతుంది. ఒకే కోబాల్ట్ అయాన్ ఆ పని మళ్లీ మళ్లీ చేస్తుంది. అంటే మీ రెండు సీసాల్లో నిజంగా ఉత్ప్రేరక గుణం ఉన్నది ఆ పేరు లేని సీసాకి!

లిట్మస్:
అబ్బ, ఇది నాకు అసలు తెలియదు. మరి ఎపాక్సీ హార్డెనర్?

రియాక్టర్_బే:
మామూలు రెండు డబ్బాల ఎపాక్సీలో హార్డెనర్ పూర్తిగా చర్యలో భాగస్వామి. ఎక్కువగా అది ఎమీన్. రెజిన్ అణువులతో కలిసి జాలంలా అల్లుకుపోతుంది. అందుకే దానికి కచ్చితమైన నిష్పత్తి ఉంటుంది. "త్వరగా గట్టిపడాలి, ఇంకొంచెం హార్డెనర్ పొయ్యి" అని పోస్తే అల్లిక సరిగ్గా కుదరదు, పని చెడుతుంది. దాన్ని కేటలిస్ట్ అని పిలవడం వల్ల వచ్చే నష్టం ఇదే. పేరు విని కొలత పెద్ద విషయం కాదనుకుంటారు.

స్పానర్:
మా బళ్ల పనిలోనూ ఇదే గందరగోళం. డీజిల్ బండ్లలో యూరియా ద్రావణం పోస్తాం కదా, 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. ఆ వ్యవస్థ పేరే "సెలెక్టివ్ కేటలిటిక్ రిడక్షన్". దాంతో చాలామంది డ్రైవర్లు ఆ ద్రావణమే కేటలిస్ట్ అనుకుంటారు. నిజానికి యూరియా వేడికి విడిపోయి అమ్మోనియా ఇస్తుంది, అమ్మోనియా నైట్రోజన్ ఆక్సైడ్లతో చర్య జరిపి నైట్రోజన్, నీరు అవుతుంది. ఖర్చయ్యేది అమ్మోనియా. ఉత్ప్రేరకం సైలెన్సర్ లైన్లో డబ్బాలో ఉన్న ఇటుకలాంటి దిమ్మ, దానికి పూసిన పూత.

నేను కుర్రాళ్లకు చెప్పేది ఒకటే: పోస్తూ ఉండాల్సి వస్తోందంటే అది కేటలిస్ట్ కాదు.

టెన్త్_టీచర్:
స్పానర్ గారూ, ఈ మాట నేను రేపే క్లాసులో వాడుకుంటాను.

రియాక్టర్_బే:
బాగుంది, ఒక్క సవరణ మాత్రం. నిజమైన ఉత్ప్రేరకం కూడా ఎప్పటికీ ఉండదు. సూత్రం ప్రకారం ఖర్చు కాదు, వాడకంలో మాత్రం పాడవుతుంది. కాబట్టి "మారుస్తూ ఉండాల్సి వస్తోంది" అన్నంతలో కేటలిస్ట్ కాదని చెప్పలేం. తయారైన సరుకుకి తగ్గట్టు లెక్కప్రకారం తగ్గుతోందా, లేక సరుకుతో సంబంధం లేకుండా నెమ్మదిగా నీరసపడుతోందా అన్నది చూడాలి.

స్పానర్:
అవును, అది మా దగ్గర రోజూ చూసేదే. పెట్రోలు కారు కేటలిటిక్ కన్వర్టర్ సంగతి చెప్తాను. డబ్బా కోసి చూస్తే లోపల తేనెపట్టులా సన్నటి గొట్టాలున్న సిరామిక్ దిమ్మ. గొట్టాల గోడలకు అల్యూమినా పూత, అందులో కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా ప్లాటినం, పల్లాడియం, రోడియం. పొగ ఆ గొట్టాల్లోంచి పోతుంటే కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, కాలని ఇంధనం కార్బన్ డయాక్సైడ్, నీరు అవుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రోజన్ అవుతాయి. చాలామంది దీన్ని ఫిల్టర్ అనుకుని "శుభ్రం చేసి పెట్టండి" అంటారు. అది దేన్నీ పట్టి ఉంచదు. వచ్చినదాన్ని మార్చి పంపేస్తుంది.

ఇంజన్ స్టార్ట్ చేయగానే పనిచేయదు కూడా. సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్‌కి వేడెక్కాలి. అందుకే బండి తీసిన మొదటి నిమిషాల్లోనే పొగ ఎక్కువ చెడ్డది.

పాడవడం రెండు రకాలు. ఒకటి విషం ఎక్కడం. సీసం కలిపిన పెట్రోలు పోస్తే సీసం ఆ లోహపు రేణువుల మీద పేరుకుని వాటిని మూసేస్తుంది. కన్వర్టర్లు వచ్చిన చోటల్లా సీసం లేని పెట్రోలు కూడా రావాల్సి వచ్చింది అందుకే. ఇంజనాయిల్ కాలితే అందులోని భాస్వరం కూడా ఇలాగే చేస్తుంది. రెండోది వేడి. ఒక సిలిండర్ మిస్ కొడుతుంటే కాలని పెట్రోలు కన్వర్టర్లోకి వచ్చి అక్కడ మండుతుంది. సిరామిక్ కరిగి ముద్దయిపోయిన దిమ్మలు బయటికి తీశాను. ప్లగ్గు మార్చకుండా తిరిగితే కన్వర్టర్‌కే చేటు.

ఎంజైమ్:
జీవశాస్త్రం వైపు నుంచి. గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది కదా, అది రక్తంలో, కణాల్లో ఉన్న కేటలేజ్ అనే ఎంజైమ్ (జీవుల్లోని ఉత్ప్రేరకం) పని. ఒక్క కేటలేజ్ అణువు సెకనుకు లక్షల సంఖ్యలో పెరాక్సైడ్ అణువులను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. రియాక్టర్_బే గారు చెప్పిన చక్రం తిరగడం అంటే ఇదీ.

ఈ విశేషణం ఎంత జాగ్రత్తగా వాడాలో మా రంగంలో ఒక పెద్ద చర్చే నడిచింది. 1980ల మొదట్లో థామస్ చెక్ ఒక సూక్ష్మజీవిలో తనను తానే కత్తిరించుకుని, అతికించుకునే ఆర్‌ఎన్‌ఏని కనుక్కున్నాడు. అప్పటివరకు ఈ రకం పని ప్రోటీన్లే చేస్తాయనుకునేవారు. అద్భుతమే, కానీ కచ్చితంగా చూస్తే ఆ ఆర్‌ఎన్‌ఏ తన మీద తాను పనిచేసి తానే మారిపోతోంది. రెండోసారి ఆ పని చేయడానికి మొదటి రూపంలో మిగల్లేదు. దాదాపు అదే కాలంలో సిడ్నీ ఆల్ట్‌మన్ చూపించిన ఆర్‌ఎన్‌ఏ మాత్రం వేరే అణువులను కోస్తూ తాను అలాగే ఉండి పదే పదే పనిచేసింది. తర్వాత చెక్ బృందం కూడా తమ ఆర్‌ఎన్‌ఏని కాస్త కుదించి, అది ఇతర అణువుల మీద నిజమైన ఎంజైమ్‌లా పనిచేయగలదని నిరూపించింది. ఇద్దరికీ కలిపి 1989లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఒక్కసారి చేస్తే చాలదు, తిరిగి రావాలి అన్న నియమం ఎంత గట్టిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాపీడెస్క్:
అందరికీ ధన్యవాదాలు, మొదటి రెండు వ్యాసాల సంగతి తేలిపోయింది. "ఉత్ప్రేరక పాత్ర" ఇంకా మిగిలి ఉంది. పత్రికల్లో రోజూ కనిపిస్తుంది. ఫలానా ఘటన ఉద్యమానికి ఉత్ప్రేరకమైంది, ఫలానా పెట్టుబడి ఉత్ప్రేరకంగా పనిచేసింది. ఉంచాలా, తీసేయాలా?

లిట్మస్:
ఉంచండి. భాషలోకి వచ్చిన మాటను కెమిస్ట్రీ లాబ్‌లో కట్టేసి ఉంచలేం. చదివేవాడికి అర్థమవుతోంది, అది చాలు.

టెన్త్_టీచర్:
అర్థమవుతోంది అంటున్నారు, ఏమని అర్థమవుతోంది? కొన్నిచోట్ల "కారణం" అని, కొన్నిచోట్ల "ప్రోత్సాహం" అని, ఇంకొన్నిచోట్ల "ప్రారంభం" అని. ఉత్ప్రేరకం ఈ మూడింటిలో ఏదీ కాదు. జరగడానికి వీల్లేని చర్యను ఉత్ప్రేరకం జరిపించలేదు. ఎటు పోవాలో కూడా అది నిర్ణయించదు. పురోగామి (ముందుకు నడిచే) చర్యను ఎంత వేగవంతం చేస్తుందో తిరోగామి (వెనక్కి నడిచే) చర్యనూ అదే మేరకు చేస్తుంది. సమతాస్థితికి (ఆ రెండు చర్యల వేగం సమానమయ్యే స్థితికి) త్వరగా చేరుస్తుంది, దాన్ని ఒక్క పిసరు కూడా జరపదు.

లిట్మస్:
దీన్ని ఎప్పుడూ నమ్మబుద్ధి కాలేదు నాకు. నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి అమ్మోనియా చేసే హేబర్ పద్ధతిలో ఇనుము వేయబట్టే కదా అమ్మోనియా ఎక్కువ వస్తోంది?

రియాక్టర్_బే:
త్వరగా వస్తోంది. ఒక ఊహ చేయండి. మూసిన పాత్రలో పిస్టన్ కింద నైట్రోజన్, హైడ్రోజన్, అమ్మోనియా సమతాస్థితిలో ఉన్నాయి. ఇనుము సమతాస్థితిని అమ్మోనియా వైపు జరపగలిగితే, ఇనుము లోపలికి నెట్టగానే అణువుల సంఖ్య తగ్గి పిస్టన్ కిందికి దిగాలి. బయటికి లాగగానే పైకి రావాలి. అలా ఇనుమును నెడుతూ లాగుతూ ఉంటే ఏ ఇంధనమూ లేకుండా పిస్టన్ ఎల్లకాలం పనిచేస్తుంది. అలాంటి యంత్రం అసాధ్యం, కాబట్టి ఇనుము సమతాస్థితిని జరపలేదు.

ఇనుము చేసే మేలు వేరే. నైట్రోజన్ అణువులోని త్రిబంధం తెంచడానికి మోల్‌కు సుమారు 945 కిలోజౌళ్లు కావాలి. ఇనుము ఉపరితలం మీద అధిశోషణం చెందాక (అంటే అంటుకున్నాక) ఆ పరమాణువులు విడిపోవడం సులువవుతుంది. అప్పుడు 400 నుంచి 500 డిగ్రీల దగ్గరే చర్య పనికొచ్చే వేగంతో నడుస్తుంది. ఈ చర్య వేడిని విడుదల చేసేది కాబట్టి వేడి పెంచేకొద్దీ సమతాస్థితిలో అమ్మోనియా తగ్గుతుంది. ఇనుము లేకపోతే ఇంకా ఎక్కువ వేడి పెట్టాలి, దిగుబడి పోతుంది. దిగుబడికి సాయం ఈ దొడ్డిదారిన వచ్చింది. ఇనుము మీద ఇదంతా అడుగడుగునా ఎలా జరుగుతుందో తేల్చిన గెర్హార్డ్ ఎర్ట్‌ల్‌కు 2007లో నోబెల్ ఇచ్చారు.

లిట్మస్:
పిస్టన్ వాదన బాగుంది. ఇలా ఎవరూ చెప్పలేదు.

ఎంజైమ్:
ఇంకో మాట కాపీడెస్క్ గారికి. పత్రికల వాడుకలో "ఉత్ప్రేరక" అంటే ఎప్పుడూ మంచిదే. సైన్సులో అది పొగడ్త కాదు. ఓజోన్ పొరను తినేసింది ఉత్ప్రేరక చర్యే. ఒకప్పుడు ఫ్రిజ్‌లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ల నుంచి విడిపోయిన ఒక క్లోరిన్ పరమాణువు ఓజోన్ నుంచి ఒక ఆక్సిజన్ లాక్కుని క్లోరిన్ మోనాక్సైడ్ అవుతుంది. అది ఒంటరి ఆక్సిజన్ పరమాణువుతో కలిసి మళ్లీ క్లోరిన్‌గా బయటపడుతుంది, మళ్లీ ఇంకో ఓజోన్. వేరే చర్యలో చిక్కుకుపోయేలోగా ఒక్క క్లోరిన్ దాదాపు లక్ష ఓజోన్ అణువులను నాశనం చేయగలదని అంచనా. మోలినా, రౌలండ్ 1974లో ఈ హెచ్చరిక చేశారు, 1987లో ఆ వాయువులను కట్టడి చేసే మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. అంత కొద్ది వాయువు అంత ఎత్తున అంత నష్టం చేస్తుందంటే మొదట్లో చాలామంది నమ్మలేదు. "ఉత్ప్రేరక" అన్న మాటకు అర్థం తెలిస్తే నమ్మక తప్పదు.

టెన్త్_టీచర్:
అయితే "ఉత్ప్రేరక పాత్ర" మీద నా అభిప్రాయం ఇది. జరిగేందుకు అప్పటికే సిద్ధంగా ఉన్నదాన్ని త్వరపరిచి, తాను చెక్కుచెదరకుండా నిలిచి, మళ్లీ మళ్లీ అదే పని చేసేదాని గురించైతే ఉంచండి. ఆ ఆర్థిక వ్యాసంలో చట్టం అలాంటిదే అయితే సరే. ఒక్కసారి జరిగి అయిపోయిన ఘటన అయితే "నాంది", "ప్రేరణ", "ఊపు" లాంటి మంచి మాటలు మనకున్నాయి, వాటిని వాడండి.

లిట్మస్:
ఆ షరతులన్నీ పెడితే పత్రికలవాళ్లు ఆ మాటే వాడలేరు. "త్వరపరిచింది" అన్నంతవరకు చాలు, మిగతా వ్యవహారం చదివేవాడు పట్టించుకోడు. నా ఓటు ఉంచడానికే.

కాపీడెస్క్:
వ్యాసం మళ్లీ చూశాను. ఆ చట్టం వచ్చేనాటికే ఆ రంగం ఎదుగుతోందని, అనుమతుల జాప్యాన్ని చట్టం తగ్గించిందని, ఇప్పటికీ అమల్లో ఉందని రచయితే రాశారు. కాబట్టి "ఉత్ప్రేరక పాత్ర" అలాగే ఉంచుతున్నాను. అదే వ్యాసంలో ఇంకోచోట ఒక సమ్మెను "ఉత్ప్రేరక ఘటన" అన్నారు, దాన్ని "నాంది పలికిన ఘటన"గా మార్చాను. ఇంకొక వ్యాసంలో "రుణాత్మక ఉత్ప్రేరకం" అని ఉంది. ఇది సరైన మాటేనా?

రియాక్టర్_బే:
పాత పుస్తకాల్లో ఉంటుంది, ఇప్పుడు వాడొద్దంటున్నారు. చర్యను నెమ్మదింపజేసేవి ఎక్కువగా ఆ పనిలో ఖర్చయిపోతాయి, చక్రం ఉండదు. "నిరోధకం" అని మార్చేయండి.

గ్లాస్‌ఫైబర్:
నాదొక చివరి ప్రశ్న. మా సీసాల మీద పేర్లు నేనే మార్చి రాసుకుందామా? కొత్త కుర్రాడు ఒకడు చేరాడు, వాడికి మొదటినుంచే సరిగ్గా నేర్పిద్దామని.

రియాక్టర్_బే:
కంపెనీ లేబుల్ తీయకండి, దాని మీద ఏమీ అతికించకండి. ప్రమాదం జరిగితే సీసాలో ఏముందో తెలియాల్సింది దాన్నిబట్టే. కుర్రాడికి నోటితో చెప్పండి. పేర్లకంటే ముందు చెప్పాల్సింది ఇంకోటి ఉంది. ఆ రెండు సీసాల్లో ఉన్నవి నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపకూడదు. కోబాల్ట్ పెరాక్సైడ్‌ని ఎంత వేగంగా పగలగొడుతుందంటే మంట లేవొచ్చు, పేలొచ్చు కూడా. ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో బాగా కలిపేయాలి, ఆ తర్వాతే పెరాక్సైడ్. రెండింటికీ ఒకే కొలత కప్పు వాడొద్దు, ఒకే అరలో పెట్టొద్దు. ఎంఈకేపీ చల్లగా, ఎండ తగలని చోట ఉంచండి. పోసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే చూపు పోతుంది.

గ్లాస్‌ఫైబర్:
ఇప్పటిదాకా రెండూ ఒకే అరలో ఉంటున్నాయి అన్నా. ఇప్పుడే వెళ్లి ఒకటి అటు గదిలోకి మారుస్తున్నా.